కొత్త స్పీకర్లకు ఏ రిసీవర్ తీసుకోవాలి? తిరుపతి, చిత్తూరు వాళ్లు కాస్త చెప్పండి

బైరాగిపట్టెడ బాబు

అందరికీ నమస్కారం. పోయిన నెలే కొత్తింట్లో పాలు పొంగించాం. హాలు 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడుగు, కింద టైల్స్. స్పీకర్ల దగ్గర్నుంచి సోఫాకి టేపు పెట్టి కొలిచాను, 11 అడుగులు. ఎన్నాళ్ల కోరికో కాబట్టి ముందు స్పీకర్లు కొనేశాను. ముందుకు బుక్‌షెల్ఫ్ జత, ఒక సెంటర్, వెనక్కి చిన్నవి రెండు, ఒక సబ్‌వూఫర్. ముందు జత వెనకాల 6 ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు), 87 డీబీ (ఎంత మోత వస్తుందో చెప్పే అంకె), 120 వాట్ల వరకు అని రాసుంది.

వీటన్నిటికీ శబ్దం పంచి పవర్ ఇచ్చే రిసీవర్ దగ్గర ఇరుక్కుపోయాను. అనుకున్న డబ్బు 60 వేలు. షాపాయనేమో "6 ఓమ్స్ స్పీకర్లా! మామూలు రిసీవర్ కాలిపోతుంది సార్, లక్షా పాతిక వేలది పెట్టుకోండి, లేదంటే నా పూచీ లేదు" అన్నాడు. ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ "ఆ మాట స్పీకర్లు కొనకముందు తెలీదా?" అంది. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. మేం చూసేది ఎక్కువగా ఓటీటీలో సినిమాలు. పొద్దున పూట నాన్న కర్ణాటక కచేరీలు వింటారు. గేములు ఆడేవాళ్లు ఎవరూ లేరు. ఏం చేయమంటారు?

చిత్తూరు మామిడి

మీ షాపాయన ఎవరో గానీ భలే భయపెట్టాడన్నా. నా ముందు జత కూడా 6 ఓమ్సే. యమహా ఆర్ఎక్స్-వీ385 మీద ఐదేళ్లుగా ఆడుతున్నాయి. గ్రీమ్స్‌పేటలో పదడుగుల గది, వాల్యూమ్ సగం దాటితే పక్కింటి అవ్వ గోడ తడుతుంది. రెండు గంటల సినిమా అయ్యాక రిసీవర్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది, అంతే.

దాని పవర్ 70 వాట్లు. ఆ 70 కూడా 6 ఓమ్స్ దగ్గర, రెండు చానళ్లు (ఒక్కో స్పీకర్‌కి వెళ్లే లైను ఒక చానల్) ఆడుతుండగా, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, అంటే చెవికి వినపడే స్వరాలన్నిటి మీదా కొలిచిన అంకె. మీరు ఏది చూసినా ఈ లైను కోసమే వెతకండి. బాక్సు మీద పెద్దక్షరాల్లో ఉండే వాట్లు ఒక్క చానల్‌ని, ఒక్క స్వరం దగ్గర, డిస్టార్షన్ (శబ్దం చెడిపోవడం) ఎంతున్నా ఫర్వాలేదనుకుని కొలిచినవి అయ్యుండొచ్చు.

తిలక్ రోడ్ వాట్స్

నేను ఒప్పుకోను. పవర్ ఎక్కువుంటే నష్టమేంటి? తక్కువుంటేనే ప్రమాదం. చిన్న ఆంప్లిఫయర్‌ని లాగి లాగి వాడితే క్లిప్ అవుతుంది, అంటే దాని శక్తి చాలక శబ్దం కొసలు తెగిపోతాయి. ముందు పోయేది ట్వీటర్, సన్న స్వరాలు పలికే చిన్న స్పీకర్. అనుభవంతో చెప్తున్నా. మా తమ్ముడి పెళ్లిచూపులు కుదిరిన రోజు మిద్దె మీద పాటలు పెట్టాం. పొద్దుపోయేసరికి రెండు స్పీకర్లలో 'స' అనే అక్షరం వినపడటం మానేసింది. రెండు ట్వీటర్లూ గోవింద. తమ్ముడూ, అప్పో సప్పో చేసి పెద్దదే తీసుకో.

రిటైర్డ్ రేడియో

వాట్స్ నాయనా, మిద్దె మీద పెళ్లిచూపుల పాటలకీ, హాల్లో సోఫా మీద కూర్చుని వినడానికీ పోలికేంటి? ఆరుబయట శబ్దం తిరిగి రాదు. చాలట్లేదని వాల్యూమ్ పెంచుకుంటూ పోయుంటారు, బాస్, ట్రెబుల్ మీటలు కూడా పూర్తిగా తిప్పేసి ఉంటారు. అవునా కాదా?

నేను నలభై ఏళ్లు రేడియోలు, టేప్‌రికార్డర్లు విప్పి బాగుచేసినవాణ్ణి. అరచేతిలో పట్టే స్పీకర్ ఉన్న టేప్‌రికార్డర్ బాక్సు మీద '1000 వాట్స్ పీఎంపీవో' అని రాసి అమ్మిన కాలం చూశాను. లోపల ట్రాన్స్‌ఫార్మర్ చూస్తే నిమ్మకాయంత. అందుకే నేను అంకెను నమ్మను, లెక్కను నమ్ముతాను.

బాబూ, నీ లెక్క కడదాం. 87 డీబీ అంటే 2.83 వోల్టులిచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే వచ్చే మోత. నీ సోఫా 11 అడుగులు, అంటే 3.3 మీటర్లు. గోడలే లేవనుకుంటే అంత దూరానికి 10 డీబీ పోయి 77 మిగులుతుంది. సినిమా మిక్సింగ్ గదుల్లో ఒక్కో ముందు స్పీకర్‌కి సగటు 85 డీబీ, బాంబు పేలినప్పుడు 105 దాకా వెళ్లేట్టు ప్రమాణం పెట్టుకుంటారు. మైకుతో గదిని కొలిచి క్యాలిబ్రేషన్ చేసిన రిసీవర్‌లో అది సున్నా వాల్యూమ్. ఇంట్లో ఆ మోతలో కూర్చునేవాళ్లు అరుదు. మైనస్ 15 దగ్గర పెట్టావనుకో, పేలుడు 90 డీబీ అవుతుంది. అది కూడా అవ్వలు గోడ తట్టే మోతే.

77 నుంచి 90కి 13 డీబీ ఎక్కాలి. 10 డీబీకి వాట్లు పదింతలు, ఆపైన 3 డీబీకి రెట్టింపు, మొత్తం ఇరవై ఇంతలు. 6 ఓమ్స్‌లో 2.83 వోల్టులంటే 1.33 వాట్లు. ఇరవైతో గుణిస్తే 27 వాట్లు. అదీ బాంబు పేలిన ఆ క్షణానికే. మాటలు నడుస్తున్నంతసేపూ ఒక వాటు కూడా కదలదు. నాలుగ్గోడల మధ్య కాబట్టి నిజానికి ఇంకా తక్కువే చాలు.

80 వాట్ల రిసీవర్ వదిలేసి 100 వాట్లది తీసుకుంటే నీకు అదనంగా దొరికేది ఒక్క డీబీ. చెవికి ఆనీ ఆనని తేడా. దానికోసం అప్పు చేస్తావా?

ఇక ఓమ్స్ సంగతి. అది ఒక్క అంకె కాదు, ఫ్రీక్వెన్సీని బట్టి ఎక్కి దిగే గీత. 8 ఓమ్స్ అని రాసినవి కూడా ఒక్కోచోట బాగా కిందికి దిగుతాయి. కెఫ్ క్యూ350 వివరాల్లో 8 ఓమ్స్ అని, పక్కనే కనిష్ఠం 3.7 అని కంపెనీయే రాసింది. కింద దిగినచోట ఆంప్ ఎక్కువ కరెంటు ఇవ్వాలి, వేడెక్కుతుంది. నువ్వు కొనే రిసీవర్ వెనక టెర్మినళ్ల దగ్గర 'మినిమం 4' అనో '4 నుంచి 16 ఓమ్స్' అనో ఉందా చూసుకో. 6 నుంచి 16 అని ఉన్నా నీ జతకి సరిపోతుంది. నీకు సబ్ ఉంది కదా, 80 హెర్ట్జ్ కిందిదంతా దానికి పంపేస్తే ముందు స్పీకర్లకి బరువు పని తప్పిపోతుంది. సబ్‌కి దాని ఆంప్ దానికుంది. కొన్ని రిసీవర్లలో ఇంపీడెన్స్ (ఈ ఓమ్స్ లెక్కే) మార్చే సెట్టింగ్ ఉంటుంది. అది వోల్టేజీని కత్తిరించే మీట, దాన్ని ముట్టుకోకు.

తిలక్ రోడ్ వాట్స్

మీటలు పూర్తిగా తిప్పిన మాట నిజమే సార్. 😅

అయినా ఒక్కటి అడుగుతా. రిసీవర్ వెనక ప్లేటు మీద కరెంటు వాడకం 400, 500 వాట్లని ఉంటుంది. ముందేమో ఏడు చానళ్లు, ఒక్కోటీ 150 వాట్లంటారు. ఏడు నూటయాభైలు 1050. గోడలోంచి 500 తీసుకుని స్పీకర్లకి 1050 ఎట్లా ఇస్తుంది?

రిటైర్డ్ రేడియో

మంచి ప్రశ్న. వెనక ప్లేటు అంకె పూర్తి మోత దగ్గర తీసింది కాదు కాబట్టి నేరుగా తీసివేత వేయకూడదు. కానీ నీ అనుమానం సరైన చోటే ఉంది. అన్ని చానళ్లకూ పవర్ సప్లై ఒక్కటే. ఏడూ ఒకేసారి గట్టిగా మోగితే ఒక్కోదానికి దక్కేది తగ్గుతుంది. అయితే సినిమాలో అన్నీ ఒకేసారి పూర్తి మోతలో అరిచే సందర్భం చాలా తక్కువ.

బైరాగిపట్టెడ బాబు

సార్, మీ లెక్క కాగితం మీద రాసి మా ఆవిడకి చూపించాను. "మరి రిసీవర్ లేకుండా కూడా నడుస్తుందేమో అడగండి" అంది.

ఇంకో మాట. మా పెద్దమ్మ కొడుకు డాలస్ నుంచి వస్తున్నాడు. అక్కడ డిస్కౌంట్లో చవగ్గా దొరుకుతుంది, తెస్తానంటున్నాడు. తెప్పించుకోనా?

కాణిపాకం క్రాసు

వద్దు బాబూ, వద్దు! మా బావ కూడా అట్లాగే ప్రేమగా తెచ్చాడు. చెన్నై ఎయిర్‌పోర్టు నుంచి ఒళ్లో పెట్టుకుని మోసుకొచ్చినంత పని చేశాడు. అమెరికా మోడల్ 120 వోల్టులది, మన దగ్గర 230. ఆ సంగతి మాట్లాడుకునే లోపే మా వాడు పిన్ను ఆకారం మాత్రమే మార్చే కన్వర్టర్ తగిలించి గోడకి గుచ్చేశాడు. 'టప్'మని ఒక్క చప్పుడు, చేపలు కాలిన వాసన. ఫ్యూజుతో పోయిందనుకున్నాం, పవర్ బోర్డు కూడా పోయింది. ఇక్కడ వారంటీ చెల్లదన్నారు.

230ని 120కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని వాడేవాళ్లూ ఉన్నారు. కానీ దాని బరువు, దాని గుయ్ శబ్దం, ఎవరో తెలియక పిన్ను మార్చేస్తారన్న భయం. చవక అనుకున్నది అక్కడే పోతుంది.

రేణిగుంట జంక్షన్

కొనడం గురించి పెద్దలు చెప్పారు, పెట్టే చోటు గురించి నేను చెప్తా. కొత్తింట్లో టీవీ యూనిట్ చేయించి ఉంటారు. కార్పెంటర్ రిసీవర్‌కి సరిగ్గా సరిపోయే అర చేసి అద్దం తలుపు కూడా పెట్టి ఉంటాడు. నాకూ అట్లాగే చేశాడు. మే నెల మధ్యాహ్నం, బయట 42 డిగ్రీలు, సినిమా క్లైమాక్సులో రిసీవర్ ఆరిపోయింది, ఎర్ర లైటు కొట్టుకుంటోంది. రిపేరుకి ఇచ్చే ముందు తలుపు తీసి గంట ఆగితే మళ్లీ మామూలే. వేడెక్కి తనను తాను కాపాడుకోడానికి ఆగిపోయింది, ప్రొటెక్షన్‌లోకి వెళ్లిందన్నమాట. ఇప్పుడు తలుపు పీకేశా, వెనక చెక్క కోయించా, పైన జానెడు ఖాళీ వదిలా.

తలుపు తీసేశాక బల్లుల బెడద మొదలైంది. రాత్రిళ్లు వెచ్చగా ఉంటుందని పై కంతల్లోంచి లోపలికి దూరతాయి. ఒకటి బోర్డు మీదే కాలిపోయింది. అప్పట్నుంచి సినిమా అయిపోగానే స్విచ్ బోర్డు దగ్గరే ఆపేస్తున్నా.

టీవీకి కలపడం గురించి: మీకు గేములు లేవు కాబట్టి 8కె, 120 హెర్ట్జ్ అని ఎక్కువ డబ్బు పెట్టొద్దు. ఓటీటీ యాపుల్లో వచ్చే అట్మాస్ (పైనుంచి కూడా వినిపించే శబ్దం) డాల్బీ డిజిటల్ ప్లస్ అనే రూపంలో వస్తుంది, మామూలు ఏఆర్సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ వైరులోనే రిసీవర్‌కి పంపే దారి) కూడా దాన్ని మోస్తుంది. దానికంటే పెద్ద దారి ఈఏఆర్సీ. అది అవసరమయ్యేది బ్లూ-రే డిస్కుల్లో ఉండే ట్రూహెచ్‌డీ లాంటివి టీవీ ద్వారా పంపాలంటేనే. ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కే గుచ్చితే దాని గొడవా లేదు.

వైరు మాత్రం చూసి కొనండి. నేను రిచీ స్ట్రీట్లో కొనాలని సప్తగిరి రైలెక్కి చెన్నై పోయి వచ్చా. రాగి రంగు చూసి మోసపోయా, గోకితే లోపల తెల్లగా అల్యూమినియం. అసలు రాగి 1.5 స్క్వేర్ ఎంఎం అయితే మీ హాలుకి చాలు.

తిలక్ రోడ్ వాట్స్

సరే, ఓడిపోయా. కానీ రేపు పెద్ద స్పీకర్లు కొంటాననే ఉద్దేశం ఉంటే ప్రీ-అవుట్లు ఉన్నది చూసుకో తమ్ముడూ. అప్పుడు వేరే పవర్ ఆంప్ కలుపుకోవచ్చు. డెనాన్‌లో ఎక్స్1800హెచ్‌కి సబ్‌వూఫర్ ప్రీ-అవుట్లే ఉన్నాయి. అన్ని చానళ్లకూ కావాలంటే ఎక్స్3800హెచ్ దాకా పోవాలి, అది వేరే ధర.

చిత్తూరు మామిడి

ముందు ఒక పని చేయండన్నా. ఆదివారం మీ జత స్పీకర్లు కార్లో వేసుకుని మా ఇంటికి రండి. గంటన్నర దారి. నా 70 వాట్లతో మోగించి చూద్దాం. అవ్వ ఊరెళ్లింది.

బైరాగిపట్టెడ బాబు

వెళ్లొచ్చాను. మామిడన్న ఇంట్లో భోజనం కూడా అయింది, వదినగారికి థాంక్స్. ఆ చిన్న రిసీవర్ మీద నా స్పీకర్లు మోగిన మోతకి షోకేసులో గ్లాసులు అదిరాయి. నేనే తగ్గించమన్నాను.

నిన్న డెనాన్ ఎక్స్1800హెచ్ తీసుకున్నాను. 8 ఓమ్స్ దగ్గర రెండు చానళ్లకి 80 వాట్లు. బడ్జెట్ కొంచెం దాటింది. గదిని కొలిచి సరిచేసే ఆడిసీ ఉందని, నాన్న కోసం స్టీరియో బాగుందని ఒప్పుకున్నాను. సినిమాలు అదిరిపోతున్నాయి.

ఒక్కటే చిక్కు. నాన్న పొద్దున కచేరీ పెట్టుకుని పది నిమిషాలు విని, "పాడేవాడు మధ్యలో కూర్చోలేదురా, గదంతా తిరుగుతున్నాడు. మృదంగం తొప్పి, ఆ ఎడమచేతి వైపు మోత, సగమే వినిపిస్తోంది" అన్నారు. రిసీవర్ మార్చాలా? 80 వాట్లు చాలలేదా?

రిటైర్డ్ రేడియో

మీ నాన్నగారి చెవికి దండం. వాట్లు కాదు నాయనా, ఒక స్పీకర్‌కి ప్లస్సు, మైనస్సు తారుమారు అయ్యాయి. ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. గొంతు మధ్యలో నిలబడదు, బాసు ఒకదాన్నొకటి తినేస్తుంది. ఆడిసీ నడిపేటప్పుడు 'ఫేజ్' అని ఏమైనా చూపించిందా?

బైరాగిపట్టెడ బాబు

చూపించింది సార్. 'స్కిప్' అని ఉంటే నొక్కేశాను.

ఇప్పుడు గుర్తొచ్చింది. వైర్లు గోడలోంచి వేసిన ఎలక్ట్రీషియన్ రెండూ ఎర్ర వైర్లే లాగాడు. నల్లది అయిపోయిందన్నాడు. ఏది ఏదో ఎట్లా కనుక్కోవాలి?

రిటైర్డ్ రేడియో

రిసీవర్ ఆపెయ్యి. దాని వైపు రెండు వైర్లూ ఊడదియ్యి, స్పీకర్ వైపు అట్లాగే ఉండనీ. స్పీకర్ జాలీ తీసేసి పెద్ద కోనుని చూస్తూ ఉండమని ఎవరికైనా చెప్పు. రిమోట్ బ్యాటరీ ఒకటి తీసుకుని ఆ వైర్లకి అర సెకను తాకించు, అంతకంటే ఎక్కువసేపు వద్దు. కోను బయటికి పొంగితే బ్యాటరీ ప్లస్సు తగిలినదే ప్లస్సు వైరు. లోపలికి పోతే తిరగేయ్. గుర్తు దొరగ్గానే దానికి టేపు చుట్టు. రెండు స్పీకర్లూ అట్లాగే చూసుకో. తిరిగి బిగించేటప్పుడు రాగి పోగులు ఒక్కటి కూడా పక్క టెర్మినల్‌కి తగలకూడదు.

బైరాగిపట్టెడ బాబు

ఎడమదే సార్, లోపలికి పోయింది. మా పాప టార్చి వేసి కోను చూసి చెప్పింది. తిరగేసి ఆడిసీ మళ్లీ నడిపాను, ఈసారి 'ఫేజ్' అనలేదు.

నాన్న ఇప్పుడే తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం) పెట్టుకుని కూర్చున్నారు. వాల్యూమ్ మైనస్ 38లో ఉంది.

తిలక్ రోడ్ వాట్స్

మైనస్ 38 అంటే ఎన్ని వాట్లు సార్?

రిటైర్డ్ రేడియో

నీ కాలిక్యులేటర్లో సున్నాలు సరిపోవు లే, పడుకో.