"మనోళ్ళేనా?" అనే ప్రశ్నలో "మన" ఎవరు?

పోస్టు:
పోయిన వారం గ్రూపులో మనం, మేము తేడా మీద మాట్లాడుకున్నాం. "మనం సినిమాకెళ్తున్నాం" అంటే వినేవాడికీ టికెట్ ఉన్నట్టు, "మేం వెళ్తున్నాం" అంటే లేనట్టు. తెలుగు నేర్చుకునే ఉత్తరాదివాళ్ళు తడబడేది ఇక్కడే. వాళ్ళ 'హమ్'కి ఈ గొడవ లేదు. అంతవరకూ బాగానే ఉంది గానీ, బెజవాడ, గుంటూరుల్లో రోజూ వినపడే ఒక మాట ఈ సూత్రానికి లొంగటం లేదు. "మనోళ్ళేనా?"

వ్యాకరణం లెక్కన "మన"లో వినేవాడు ఉండి తీరాలి. ఇక్కడ అడుగుతున్నదే నువ్వు అందులో ఉన్నావా లేదా అని. రండి రండి అని పిలిచి, గుమ్మంలో నిలబెట్టి ఆరా తీసినట్టు. జవాబు నచ్చకపోతే తర్వాతి వాక్యంలోనే "మన" పోయి "మా" వచ్చేస్తుంది. "మా వాళ్ళు ఇల్లు ఇంకెవరికో మాటిచ్చారటండీ."

నేరుగా ఈ ప్రశ్న వేసేవాళ్ళు తక్కువే. అద్దె ఇంటి కోసం తిరిగినవాళ్ళకి ఆ వరస కంఠతా వచ్చు. ముందు ఉద్యోగం, తర్వాత సొంతూరు, తర్వాత ఇంటిపేరు. ఆ ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉండేదైతే ఓనరుగారికి టెన్షన్. అప్పుడు "నాన్నగారి పేరేంటి?" అంటారు, చివర తోకేమైనా దొరుకుతుందేమోనని. రావు అని ఉంటే ఏమీ తేలదు, కోస్తాలో రావు కానివాడెవడు! ఇక "నాన్‌వెజ్ వండుతారా?" దగ్గరికొస్తారు. వండుతామంటే, "ఆదివారాలు చర్చికెళ్తారా?" ఇన్ని ప్రశ్నల్లో కులం అన్న మాట ఒక్కసారీ రాదు.

ఈ "మన" మీద మీకు తెలిసినవి రాయండి.

వ్యాఖ్య (మంగళగిరి):
ఇందులోకి కులాన్ని ఎందుకు లాగుతున్నారు సార్? మనోళ్ళు అంటే మన మనుషులు. ప్రేమగా అనే మాట. హైదరాబాద్‌లో చేరిన కొత్తలో మెస్సులో "గుంటూరోడివా? అయితే మనోడే" అని ఇంకో గరిటె పప్పు వేసినాయన నా కులం అడగలేదు.

జవాబు (పోస్టు రాసినాయన):
నిజమే, ఆ పప్పు కూడా ఇదే మాటతోనే వచ్చింది. చెన్నైలో మనోడంటే తెలుగువాడు, హైదరాబాద్‌లో మన జిల్లావాడు. గుంటూరు స్టేషన్లో దిగాక జిల్లాతో పని లేదు కదా, అందరూ ఆ జిల్లానే. అక్కడ్నుంచి కులానికి దిగుతుంది. ఇంటికి దగ్గరయ్యేకొద్దీ ఈ "మన" చిన్నదవుతుందని నా అనుమానం. మెస్సాయన గుంటూర్లోనే ఉండి, వాళ్ళమ్మాయికి సంబంధం చూస్తూ అదే మాట అంటే ఏ అర్థంలో అనేవాడో మీరే ఆలోచించండి.

వ్యాఖ్య (తెనాలి):
మీ వరసలో ఒక ప్రశ్న తప్పిపోయింది. సొంతూరు చెప్పగానే "ఊళ్ళోనా, పల్లెలోనా?" అంటారు. పాటల్లో పల్లె అంటే పచ్చని చేలు, పైరగాలి. మా వైపు పల్లె అంటే మాలపల్లె. ఊరు వేరు, పల్లె వేరు, మధ్యలో ఒక డొంక. "వాళ్ళు పల్లెలో ఉంటారు" అంటే ఇంకేమీ చెప్పక్కర్లేదు. మా పక్కనే చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. అంతదాకా ముదిరిన గొడవ సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీట్లో ఉన్నాయనకి తగలడం దగ్గర మొదలైంది. చీకట్లో కాలు తగిలినా అది ఊళ్ళో కాలా, పల్లెలో కాలా అని చూశారు.

వ్యాఖ్య (గుంటూరు):
మా నాన్నకి రెండు పేర్లు. చర్చిలో యోహాను, స్కూలు సర్టిఫికెట్లో వెంకటేశ్వర్లు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో షెడ్యూల్డ్ కులం హోదా హిందువులకే అన్నారు. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ కలిపారు, క్రైస్తవుల్ని కలపలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన దళితుడు ఎస్సీ హోదా పోయి, వెనకబడిన కులాల్లో బీసీ-సీ అనే గ్రూపు కిందికి వస్తాడు. అందుకే చాలా ఇళ్ళల్లో ఆదివారం పేరు ఒకటి, మిగతా వారానికి ఒకటి. నాన్న ఫోన్లో "యోహానుని మాట్లాడుతున్నా" అన్నాడా "వెంకటేశ్వర్లుని" అన్నాడా అన్నదాన్ని బట్టి అవతల ఎవరో చిన్నప్పుడే కనిపెట్టేవాళ్ళం.

చర్చిలో మాత్రం మనోళ్ళంటే విశ్వాసులందరూ అనుకునేరు. ప్రార్థన దగ్గర అంతే. అక్కకి సంబంధాలు చూస్తున్నప్పుడు పాస్టరమ్మగారు మెల్లగా అడిగారు, "అబ్బాయివాళ్ళు మనోళ్ళేనా, అటువాళ్ళా?" అని. మాలా మాదిగా అన్నది ఆవిడ ఉద్దేశం.

వ్యాఖ్య (డాలస్, పుట్టింది పటమట):
మీరు బెజవాడ దగ్గరే ఆపేశారు. ఇక్కడ ఏ ఫారం నింపినా జాతి అని ఒక గడి ఉంటుంది. 1980 జనాభా లెక్కల నుంచి మనకి "ఏషియన్ ఇండియన్" అని విడిగా ఒకటి ఇచ్చారు. అంతకు చాలా ముందు, 1923లో, భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ సిక్కు, నేను ఆర్యుణ్ణి కాబట్టి తెల్లజాతివాణ్ణే, పౌరసత్వం ఇవ్వండని అడిగిన కేసు ఇక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. కోర్టు ముందున్న ప్రశ్నలో "అగ్రకుల హిందువు" అని రాసి ఉంది. సిక్కుని పట్టుకుని హిందువేంటంటారా? అప్పట్లో ఇక్కడివాళ్ళకి ఇండియా నుంచి వచ్చినవాళ్ళందరూ హిందువులే. మామూలు మనిషి నిన్ను తెల్లవాడనుకోడు పొమ్మని కోర్టు కొట్టేసింది. ఇక్కడి "మనోళ్ళు"లో చేరడానికి అక్కడి "మనోళ్ళు" సర్టిఫికెట్ పట్టుకొచ్చాడన్నమాట.

2023 ఫిబ్రవరిలో సియాటిల్ కులవివక్షని నిషేధించింది, అమెరికా నగరాల్లో అదే మొదటిది. అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు చట్టసభ దాటాక గవర్నరు దాన్ని వీటో చేశాడు. ఆ రోజుల్లో మా వాట్సాప్ గ్రూపులో "ఇక్కడెక్కడుంది కులం" అని గట్టిగా వాదించినాయనే, కొత్తగా వచ్చిన కుర్రాడికి రూము చూపించేముందు నాకు విడిగా మెసేజ్ పెట్టాడు. రెండే మాటలు: "మనోడేనా అన్నా?"

జవాబు (పోస్టు రాసినాయన):
మీరు చెప్పిందానికి తిరగేసిన కథలూ ఉన్నాయి. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ కొరంగీలు అన్నారు. ఓడ ఎక్కిన కోరంగి రేవు పేరే మనిషి పేరయింది, కులంతో పని లేకుండా. దక్షిణాఫ్రికాకి మొదటి కూలీల ఓడ మద్రాసు నుంచి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ తర్వాత వెళ్ళిన తెలుగువాళ్ళలో చాలామందికి నాయుడు ఇంటిపేరై కూర్చుంది, పలకడం నాయ్‌డూ. ఇక్కడ ఆ తోక పట్టుకుని కులం లాగుతారు. అక్కడ ఆ తోకతో తెలిసేది వాళ్ళ పూర్వీకులు ఎటువైపు నుంచి వచ్చారన్నదే.

వ్యాఖ్య (విజయవాడ):
తోకల మాట వచ్చింది కాబట్టి. బెంజి సర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రం ఉంది కదా. దాన్ని స్థాపించిన గోరాగారు పిల్లలకి పెట్టిన పేర్లు కొన్ని చూడండి: లవణం, విజయం, సమరం, నియంత, నౌ. లవణం ఉప్పు సత్యాగ్రహం ఏడాది, 1930లో పుట్టాడు. నౌ అంటే హిందీలో తొమ్మిది, తొమ్మిదో సంతానం కాబట్టి. ఇంటిపేరు పట్టుకుని, నాన్న పేరు పట్టుకుని వెదికే ఓనరుగారికి "నియంత" దగ్గర ఏం దొరుకుతుంది? పేర్లతోనే ఆగలేదు. పెద్దమ్మాయి మనోరమ పెళ్ళి 1948లో సేవాగ్రాంలో దళితుడైన అర్జునరావుతో జరిగింది. లవణం 1960లో కవి జాషువాగారమ్మాయి హేమలతని చేసుకున్నాడు.

ఆ హేమలతగారే తర్వాత స్టువర్టుపురంలో పనిచేశారు. "మనోళ్ళు"కి ఎదురుగుండా నిలబడే మాట అక్కడుంది, "నేరస్థ జాతి". 1871 చట్టం కొన్ని జాతులకి జాతులనే పుట్టుకతో నేరస్థుల కింద కట్టేసింది. 1911లో అది మన వైపుకీ వచ్చాక ఎక్కువగా ఎరుకలవాళ్ళ మీద వాడారు. అలా వాళ్ళని తెచ్చి పెట్టిన ఊరే స్టువర్టుపురం. చట్టాన్ని 1952లో తీసేశారు, "విముక్త జాతులు" అని కొత్త పేరు వచ్చింది. జనం నోట్లో మాత్రం ఊరి పేరే తిట్టయింది. "స్టువర్టుపురం బ్యాచి" అన్న మాట బెజవాడ బస్టాండులో నేను విన్నాను, పర్సు పోగొట్టుకున్నాయన ఎవర్నీ చూడకుండానే అనేశాడు.

వ్యాఖ్య (మంగళగిరి):
సరే సార్, ఒప్పుకుంటున్నా. ఇంతకీ మిమ్మల్నెవరైనా "మనోళ్ళేనా" అంటే మీరేం చెప్తారు?

జవాబు (పోస్టు రాసినాయన):
మొన్న రైల్లో ఒక పెద్దాయన అడిగాడండీ. "గుంటూరోళ్ళమండీ" అన్నా. "అది సరే, గుంటూర్లో?" అన్నాడు. "బ్రాడీపేట." "బ్రాడీపేటలో?" "నాలుగో లైను." "నాలుగో లైనులో?" "పద్నాలుగో అడ్డరోడ్డు." కాసేపు ఆగి, "కాదులే బాబూ, ఇంటిపేరు?" అన్నాడు. "అద్దిల్లేనండీ" అన్నా.