దూరం నుంచి ప్రెయిరీ డాగ్స్ కొట్టడానికి .223 తూటా సరిపోతుందా, 22-250 కావాలా? బుల్లెట్ ఎన్ని గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) ది తీసుకోవాలి?

మధురవాడ నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారమండి. మా తమ్ముడు సౌత్ డకోటాలో ఉంటున్నాడు, హెచ్‌1బి మీద. వాళ్ళ ఆఫీసులో ఒకాయనకి పెద్ద రాంచ్ ఉందంట, గడ్డి నేలంతా ప్రెయిరీ డాగ్స్ బొరియలు తవ్వేసి మేత లేకుండా చేస్తున్నాయంట. పేరుకే డాగ్ గానీ అది ఉడుత జాతి, కేజీ అటూ ఇటూ ఉంటుంది, నిటారుగా నిలబడితే నాలుగు వేళ్ళ వెడల్పు కనిపిస్తుంది అంతే. వేసవిలో రమ్మన్నాడాయన, వీడేమో రైఫిల్ కొంటానంటున్నాడు. నేను ఎన్‌సీసీలో .22 పేల్చినవాణ్ణి కదా అని నన్నే అడుగుతున్నాడు, నాకు ఆ పెద్ద తూటాల సంగతి తెలీదు. షాపువాడు .223 రెమింగ్టన్ అన్నాడంట, ఫ్రెండ్ 22-250 అన్నాడంట, ఇంకొకడు .204 రూగర్ అంటాడు. దూరం 150 నుంచి 400 గజాలు. బుల్లెట్ 40 గ్రెయిన్లా, 55 ఆ, 75 ఆ? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

గాజువాక నుంచి జవాబు

బాబూ, తూటా సంగతి తర్వాత, ముందు కాగితాలు చూసుకోమను. హెచ్‌1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోకూడదు అని అమెరికా ఫెడరల్ చట్టం, దానికి ఉన్న మినహాయింపుల్లో మీవాడికి పనికొచ్చేది ఒకటే, ఏదో ఒక స్టేట్ ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉండాలి. దాని గడువు అయిపోయాక కూడా రైఫిల్ ఇంట్లో ఉంటే అదే నేరం అవుతుంది, వీసా మీదకి వస్తుంది. గడువు తేదీ గోడ మీద రాసిపెట్టుకోమను.

ఇక రైఫిల్. నేను అక్కడ చాలా ఏళ్ళు ఉండి వచ్చాను, నన్నడిగితే .223 కొనమంటాను. 22-250 గొప్పదే, అదే 55 గ్రెయిన్ల బుల్లెట్‌ని .223 సెకనుకి 3240 అడుగులతో పంపితే అది 3680తో పంపుతుంది. కానీ దానికి పౌడర్ దాదాపు ఒకటిన్నర రెట్లు పడుతుంది, ప్రెయిరీ డాగ్స్ దగ్గర రోజంతా పేలుస్తూనే ఉంటారు కదా, బ్యారెల్ తొందరగా కాలిపోతుంది, గొంతు దగ్గర, అంటే తూటా కూర్చునే చోటుకి కాస్త ముందు, రైఫ్లింగ్ (లోపలి మెలిక గాడులు) అరిగిపోతుంది. తూటా ఖరీదు కూడా ఎక్కువే. .204 రూగర్ 2004లో వచ్చింది, 32 గ్రెయిన్ల బుల్లెట్ 4200 దాటి వెళ్తుంది, 250 గజాల దాకా చూడముచ్చటగా ఉంటుంది, పేల్చినప్పుడు భుజానికి తగిలే దెబ్బ కూడా తక్కువ కాబట్టి బుల్లెట్ తగలడం స్కోప్‌లో కనిపిస్తుంది. కాకపోతే గాలి వీచే మైదానంలో 400 గజాలు అంటే అంత చిన్న బుల్లెట్‌తో కష్టమే.

అసలు ఆ మైదానాల్లో నీ శత్రువు గాలి. లెక్క చెప్తా చూడు. పక్క నుంచి గంటకి 10 మైళ్ళ గాలి, అంటే 16 కిలోమీటర్లు, వీస్తుంటే 400 గజాల దగ్గర .223లో 55 గ్రెయిన్ల పాలిమర్ టిప్ (ప్లాస్టిక్ మొన ఉన్న) బుల్లెట్ సుమారు 21 అంగుళాలు పక్కకి పోతుంది. అదే బుల్లెట్ 22-250లో అయితే 17. మరి .223లోనే 75 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్ (పోటీ షూటింగ్ కోసం చేసినది) వేస్తే 15! స్పీడు 2790 మాత్రమే, అయినా గాలికి తక్కువ కదులుతుంది, ఎందుకంటే పొడుగ్గా, సన్నగా ఉండి గాలిని చీల్చుకుని పోతుంది, వేగం నిలబెట్టుకుంటుంది. స్పీడు చూసి మురిసిపోయేవాళ్ళకి ఇది ఎంత చెప్పినా ఎక్కదు.

మధురవాడ నుంచి

అయితే 75 గ్రెయిన్లే కొనేయమంటారా గురువుగారూ? వాడు ఒక సెకండ్ హ్యాండ్ .223 బోల్ట్ యాక్షన్ చూశాడు, బ్యారెల్ మీద ట్విస్ట్ ఏమీ రాసి లేదంట. పర్వాలేదా?

గాజువాక నుంచి

ఆగు ఆగు, అదే అసలు ప్రశ్న. ట్విస్ట్ తెలీకుండా బుల్లెట్ కొనకూడదు. బ్యారెల్ లోపల గాడులు బుల్లెట్‌ని తిప్పుతాయి కదా, 12 అంగుళాలకి ఒక చుట్టు తిరిగితే ఒకటికి 12 అంటారు, 8 అంగుళాలకే తిరిగితే ఒకటికి 8. బొంగరం వేగంగా తిరిగినంతసేపే నిలబడినట్టు బుల్లెట్ కూడా అంతే, పొడుగు పెరిగేకొద్దీ ఎక్కువ తిరగాలి. ఒకటికి 12 ఉంటే 55 గ్రెయిన్ల దాకానే, 9 అయితే 69 దాకా, 75, 77 కావాలంటే 8 ఉండాలి. ఒకటికి 12 లాంటి నెమ్మదిగా తిప్పే బ్యారెల్‌లో 75 వేస్తే 100 గజాల్లోనే కాగితం మీద గుండ్రటి చిల్లు బదులు అడ్డంగా చీలిన చిల్లు పడుతుంది.

కొలవడం తేలిక. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి బోల్ట్ తీసేయాలి. హ్యాండిల్ దగ్గర తిరిగే రకం క్లీనింగ్ రాడ్‌కి గుడ్డ ముక్క బిగుతుగా చుట్టి వెనక నుంచి మూతి దగ్గరిదాకా తోయాలి. రాడ్ మీద పైవైపు మార్కర్‌తో గీత, బ్యారెల్ వెనక అంచు దగ్గర రాడ్ మీదే చిన్న టేపు. మెల్లగా వెనక్కి లాగుతుంటే గీత పక్కకి తిరుగుతూ కిందకి వెళ్ళి మళ్ళీ పైకి వస్తుంది, అది సరిగ్గా పైకొచ్చినప్పుడు టేపు ఎంత దూరం జరిగిందో స్కేలుతో కొలిస్తే అదే ట్విస్ట్. గుడ్డ వదులుగా ఉంటే జారిపోయి లెక్క తప్పుతుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ చేసి చూడాలి. ఇంకోటి, .223 అని రాసి ఉన్న రైఫిల్‌లో 5.56 నాటో తూటా వేయొద్దని చెప్పు, పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ ప్రెషర్ పెరిగిపోతుంది.

75 కూడా అన్నింటికీ కాదు. మ్యాచ్ బుల్లెట్ నేలకి తగిలితే ఎగిరి ఎటో పోవచ్చు, రాంచ్ అంటే పశువులుంటాయి, మనుషులుంటారు. వీ-మ్యాక్స్ లాంటి పల్చటి జాకెట్ (పైన ఉండే లోహపు తొడుగు) బుల్లెట్లు నేల తగలగానే ముక్కలైపోతాయి, అందుకే 300 గజాల లోపు అన్నిటికీ నేను 50, 55 గ్రెయిన్లే వాడమంటాను. వెనక మట్టి గట్టు ఉండి గాలి గట్టిగా ఉన్నప్పుడే 75. చవగ్గా దొరుకుతుందని పూర్తి జాకెట్ మిలిటరీ తూటా మాత్రం అస్సలు వద్దు.

ఎంవీపీ కాలనీ నుంచి

గాలి చదవడం గురించి ఒక మాట. బుల్లెట్ ఏదైనా గాలి అంచనా రాకపోతే ఉపయోగం లేదు. స్కోప్‌లో ఎండమావి చూడటం నేర్చుకోమనండి, అలలు నిట్టనిలువుగా లేస్తుంటే గాలి లేనట్టు, ఏటవాలుగా ఉంటే మోస్తరు, పూర్తిగా పడుకుని పరిగెడుతుంటే గట్టి గాలి. ఇది నేర్చుకోడానికి రైఫిల్ అక్కర్లేదు, సెలవులకి వస్తే భీమిలి రోడ్డు మీద మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగాక బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చుంటే చాలు, పక్కనే సరుగుడు చెట్లు ఎంత ఊగుతున్నాయో చూసి పోల్చుకోవచ్చు.

సౌత్ డకోటాలోనే కొనాటా బేసిన్ అని ఉంది, అక్కడ నల్ల కాళ్ళ ఫెరెట్ అనే అరుదైన జంతువు ప్రెయిరీ డాగ్స్‌నే తిని బతుకుతుంది. రాంచ్ దాటి పక్క గ్రాస్‌ల్యాండ్‌లోకి వెళ్ళేముందు అక్కడ షూటింగ్ ఉందో లేదో అడగాల్సిందే. బొరియల దగ్గర చిన్న గుడ్లగూబలు కూడా కాపురం ఉంటాయి, నిలబడినదల్లా ప్రెయిరీ డాగ్ అనుకోకూడదు. చచ్చినవాటిని చేత్తో ముట్టుకోవద్దు, వాటి ఒంటి మీద ఉండే ఫ్లీ అనే దూకే చిన్న పురుగుల వల్ల ప్లేగు రావచ్చు.

పెందుర్తి నుంచి

అన్నయ్యా, మా చెరుకు తోట అడవిపందులు దున్నేస్తున్నాయి. ఇదే .223తో పని జరుగుతుందా?

గాజువాక నుంచి

తమ్ముడూ, నీ బాధ అర్థమవుతుంది, రాత్రికి రాత్రి పంటంతా పోతే ఏడుపొస్తుంది. కానీ ఇక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఉంది, లైసెన్స్ తుపాకీ ఉన్నా సొంతంగా కాల్చకూడదు. పంట నష్టం అయితే సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ ఆయన అధికారం ఇచ్చిన ఆఫీసర్ గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఫోటోలు, సర్వే నంబరు పట్టుకుని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకి వెళ్ళు. కంచెకి కరెంటు మాత్రం పెట్టకు, దయచేసి, దానివల్ల మనుషులు పోతున్నారు. ఇక .223లో పల్చటి జాకెట్ బుల్లెట్ పందికి ఎక్కడైనా సరే వద్దు, భుజం మీదే పగిలిపోయి జంతువు గాయంతో పారిపోయి నరకయాతన పడుతుంది.

మధురవాడ నుంచి

గురువుగారూ, వాడు కొలిచాడు, 8 అంగుళాలకి ఒక చుట్టు వచ్చిందంట, తిప్పి తిప్పి చూశాడంట అంతే వస్తోంది. రైఫిల్ తీసుకుంటున్నాడు. జీరో, అంటే స్కోప్ గురి సరిగ్గా కలిసే దూరం, ఎంతకి పెట్టుకోమంటారు?

గాజువాక నుంచి

మంచి బేరం, వదలొద్దని చెప్పు. ముందు రెండు మూడు కంపెనీల 55 గ్రెయిన్ల పెట్టెలు ఒక్కొక్కటి కొని 100 గజాల్లో ఐదేసి పేల్చి చూడమను, ఏది ఒక అంగుళంలో పడితే అదే ఎక్కువ కొనుక్కోవాలి. జీరో 200 గజాలకి. అప్పుడు 100లో ఒకటిన్నర అంగుళం పైన పడుతుంది, 300లో 7 అంగుళాలు కింద, 400లో సుమారు 21 కింద. 75కి మారితే మళ్ళీ జీరో చేయాలి, ఆ లెక్కలు వేరే కాగితం మీద రాసి స్టాక్‌కి (రైఫిల్ వెనక పిడికి) అంటించుకోమను. బ్యారెల్ చెయ్యి పెట్టలేనంత కాలితే బోల్ట్ తెరిచి పక్కన పెట్టి నీళ్ళు తాగమను.