మావయ్య కొంటానంటున్న మహమ్మద్ అలీ పెయింటింగ్ నిజమైనదేనా? తెలిసినవాళ్లు చెప్పండి

రాజోలు_కుర్రాడు

అందరికీ నమస్కారం అండి. మాది రాజోలు దగ్గర ఊరు. మా మావయ్య కుర్రతనంలో మద్రాసులో ఒక లారీ ఆఫీసులో గుమాస్తాగా చేసేవారు. 1980లో బాక్సర్ మహమ్మద్ అలీ మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్ అనే ఇంకో బాక్సర్‌తో ఎగ్జిబిషన్ బౌట్ (జనానికి చూపించడానికి ఆడే పోటీ) ఆడినప్పుడు ఆ జనంలో ఆయన కూడా ఉన్నారు. ఇప్పటికీ పెళ్లి భోజనాల దగ్గర ఎవరైనా పక్కన కూర్చుంటే చాలు, ఆ రోజు సంగతే ఎత్తుతారు.

విషయం ఏంటంటే, పాత సామాన్లు కొని అమ్మే ఒకాయన మావయ్యకి ఒక పెయింటింగ్ చూపించాడు. మూడడుగుల ఎత్తు ఉంటుంది, గ్లవ్స్ వేసుకుని నిలబడ్డ అలీ బొమ్మ, కుడివైపు కింద మూల నల్లగా ఇంగ్లీషులో అలీ సంతకం, పక్కన 80 అని అంకె. అలీ మద్రాసులో హోటల్లో ఉండగా తన బొమ్మ తనే వేసుకుని, అక్కడ ఏర్పాట్లు చూసిన ఒకాయనకి ఇచ్చాడట, వాళ్ల చుట్టాల ద్వారా 1982లో మన కోనసీమకి వచ్చిందట. 4 లక్షలు అడుగుతున్నాడు. మావయ్య నాకు చెప్పకుండానే 20 వేలు అడ్వాన్స్ ఇచ్చేశారు, మిగతాదానికి అత్తయ్య గాజులు బ్యాంకులో పెడతానంటున్నారు. నిన్న అత్తయ్య ఫోన్ చేసి ఏడ్చారు.

నేను వెతికి చూస్తే అలీ నిజంగానే బొమ్మలు వేశాడు, అవి వేలంలో బాగానే పలికాయి. అందుకే గట్టిగా వద్దని చెప్పలేకపోతున్నా. ఇది అసలుదో కాదో మనలాంటివాళ్లం ఎలా కనుక్కోవాలి? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

కాకినాడ_కలెక్షన్

నేను పదిహేనేళ్లుగా ఆటగాళ్ల సంతకాలు, పాత టికెట్లు, ఫొటోలు పోగేస్తున్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

అలీ బొమ్మలు వేసిన మాట నిజం. వాళ్ల నాన్నగారు సైన్‌బోర్డులు రాసేవారు, చర్చి గోడల మీద బొమ్మలు వేసేవారు. రింగు పక్కన కూర్చుని స్కెచ్‌లు గీసే లెరాయ్ నీమన్ అనే చిత్రకారుడు అలీకి స్నేహితుడు, బొమ్మలు వెయ్యమని ప్రోత్సహించాడు. 2021 అక్టోబరులో న్యూయార్క్‌లో బోన్‌హామ్స్ అనే వేలం కంపెనీ వాళ్లు అలీ వేసినవి 26 వేలం వేస్తే మొత్తం దాదాపు 10 లక్షల డాలర్లు వచ్చాయి. అందులో 1978 నాటి ఒక్క బొమ్మే 4,25,000 డాలర్లు పలికింది, అప్పటి లెక్కన 3 కోట్ల రూపాయల పైమాటే. వాళ్లు వేసిన అంచనా 40 నుంచి 60 వేల డాలర్లే.

కానీ ఆ బొమ్మ ఎలా ఉంటుందో ఒకసారి చూడండి. రింగులో పడిపోయినవాడు, చేతులెత్తిన విజేత, పడిపోయినవాడు రిఫరీతో చెప్పే మాటలు బుడగలో రాసి ఉంటాయి. చిన్నపిల్లల కార్టూన్‌లాగా తేలిక గీతలు. అలీ బొమ్మల్లో మనకి కనిపించేది ఆ చెయ్యే. మీ మావయ్య గారు చూసిన దాంట్లో కండలు, చెమట, వెలుగునీడలు అన్నీ పద్ధతిగా దిద్ది ఉంటే మాత్రం అది వేరే చెయ్యి అని నా అనుమానం. ఫొటో పెడితే చెప్పగలను.

ఇంకో ముఖ్యమైన సంగతి. 'అలీ సంతకం చేసిన బొమ్మ' వేరు, 'అలీ వేసిన బొమ్మ' వేరు. వేరేవాళ్లు వేసిన బొమ్మల మీద, ప్రింట్ల మీద ఆటగాళ్లు అభిమానం కొద్దీ సంతకం పెడుతూనే ఉంటారు. అలాంటి దానికి సంతకం విలువే గానీ పెయింటింగ్ విలువ రాదు. సర్టిఫికెట్ ఇస్తానంటాడేమో, ఇస్తే ఎవరిచ్చారో చూడండి. పీఎస్ఏ, జేఎస్ఏ లాంటి అమెరికా కంపెనీలు సంతకం అసలుదా కాదా అని చెప్తాయి, అంతే. ఆ కాగితం ఉన్నంత మాత్రాన బొమ్మ వేసింది ఆయనే అని కాదు. అమ్మేవాడు తనే కంప్యూటర్‌లో కొట్టించి హోలోగ్రామ్ అంటించిన కాగితమైతే దానికి విలువే లేదు. 1990ల్లో అమెరికాలో ఎఫ్‌బీఐ ఆపరేషన్ బుల్‌పెన్ అని పెట్టి దొంగ సంతకాల ముఠాల్ని పట్టుకుంది, ఆ దొంగ సరుకు కూడా సర్టిఫికెట్లతోనే అమ్ముడయ్యేది.

ఆటగాడు వేసిన బొమ్మకి ధర రాదని నేను అనడం లేదు. ఎర్నీ బార్న్స్ అని అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినాయన, ఆట మానేసి పూర్తిగా చిత్రకారుడైపోయాడు. ఆయన 1976లో వేసిన ఒక బొమ్మ 2022 మేలో క్రిస్టీస్ అనే కంపెనీ వేలంలో కోటిన్నర డాలర్లు దాటింది. ఇంగ్లండ్ వికెట్‌కీపర్ జాక్ రస్సెల్, 54 టెస్టులు ఆడాడు, అక్కడి చిప్పింగ్ సాడ్‌బరీ అనే ఊళ్లో సొంత గ్యాలరీ పెట్టాడు. ఆయన బొమ్మ కొంటే ఎవరినీ నమ్మాల్సిన పని లేదు, ఆయన దగ్గరే కొనొచ్చు. వీళ్లిద్దరిదీ ఏ బొమ్మ ఎప్పుడు వేశారు, ఎవరి చేతికి వెళ్లింది అనేదానికి దారి కనపడుతుంది. మీ దాంట్లో ఆ దారి ఒక మనిషి నోటి మాటలో ఉంది. ఆ ఏర్పాట్లు చూసినాయన పేరేంటి, అలీతో ఆయన దిగిన ఫొటో ఒక్కటైనా ఉందా, 1982లో ఎవరింటికి వచ్చింది, ఆ ఇంటివాళ్లు కాగితం మీద రాసిస్తారా, ఇవి అడగండి.

రంగులపని_రాజమండ్రి

మాది ఫ్రేముల షాపు, మా నాన్నగారి నుంచీ ఇదే పని. నేను ఫేస్ గురించి మాట్లాడను, బొమ్మ వీపు గురించి మాట్లాడతాను. తమ్ముడూ, ముందు దాన్ని తిప్పి చూడు.

1982 నుంచి కోనసీమలో ఉందంటున్నాడు కదా. అంటే 1986 గోదావరి వరద చూసింది, 1996 నవంబరు తుపాను చూసింది. ఆ తుపానుకి మీ వైపు ఇళ్ల పెంకులు లేచిపోయాయి, కొబ్బరి చెట్లు వేలకి వేలు పడిపోయాయి. మన తడి గాలికి గుడ్డ మీద బూజు మచ్చలు రాకుండా ఉండవు, మేకులు తుప్పు పట్టి చుట్టూ గుడ్డకి ఎర్రటి మరక దిగుతుంది, చట్రం చెక్క ఒక పక్క వంగుతుంది. వెనకంతా ఒకే రంగులో గోధుమరంగుగా ఉంటే టీ డికాషన్ పట్టించారని అర్థం. నిజంగా పాతబడిన గుడ్డ చెక్క కింద ఒక రంగు, బయట ఒక రంగు ఉంటుంది. మేకుల బదులు మెరిసే స్టేపుల్ పిన్నులు ఉన్నా అనుమానించు, అయితే ఫ్రేము మార్చి ఉండొచ్చు కూడా, అదొక్కటే చూసి తేల్చకు.

తర్వాత బంగారం పనివాళ్లు వాడే భూతద్దం ఒకటి పట్టుకెళ్లు. దగ్గరగా చూస్తే సన్న చుక్కలు చుక్కలుగా రంగు కనిపిస్తే అది ప్రింటు. ఈమధ్య ప్రింటు మీద పారదర్శకంగా ఉండే జెల్‌తో బ్రష్ గీతలు గీసి అమ్ముతున్నారు, వేలు పెట్టి తడిమితే గరుగ్గా ఉంటుంది గానీ ఆ గీతలకీ కింద బొమ్మకీ సంబంధం ఉండదు. ఇక సంతకం. రంగు పగిలిన చోట ఇంకు పగులు లోపలికి దిగిందా, లేక రంగుతోపాటే పగిలిందా? లోపలికి దిగితే ఆ సంతకం బొమ్మ పాతబడ్డాక పెట్టినది. వీలైతే చీకటి గదిలో నోట్లు చూసే నీలం లైటు కూడా వేసి చూడు, తర్వాత దిద్దిన చోటు వేరే రంగులో కనిపిస్తుంది.

భీమవరం_చేపలచెరువు

అన్నయ్యా, నేను దెబ్బతిన్నాను కాబట్టి రాస్తున్నా. నాలుగేళ్ల కిందట రొయ్యలకి మంచి రేటు వచ్చిన ఏడు, ఒక పెద్ద క్రికెటర్ స్వయంగా వేసిన పెయింటింగ్ అని, చారిటీ కోసం అమ్ముతున్నారని ఒకతను వచ్చి 60 వేలకి నా చేతిలో పెట్టాడు. హాల్లో పెట్టాం, వచ్చినవాళ్లందరికీ చూపించాను. మా అమ్మాయి ఫైన్ ఆర్ట్స్‌లో చేరాక సెలవులకి ఇంటికొచ్చి అరగంట చూసి, నాన్నా ఇది ప్రింటు అంది. ఆ మాట అన్నప్పుడు దాని ముఖం చూడలేకపోయాను. డబ్బు పోయిందని కాదు, ఆ ఆటగాడంటే నాకున్న ఇష్టాన్ని పట్టుకుని మోసం చేశాడు చూడు, అది ఇప్పటికీ మింగుడుపడదు.

అప్పుడు నేను ఏ కాగితమూ రాయించుకోలేదు, డబ్బు కూడా చేతికే ఇచ్చాను, అందుకే పోలీసుల దగ్గరికి వెళ్లినా చూపించడానికి ఏమీ లేకపోయింది. మీ మావయ్య గారు ఇచ్చిన 20 వేలకైనా రసీదు ఉందా? లేకపోతే ముందు వాట్సాప్‌లో అయినా 'ఫలానా బొమ్మకి అడ్వాన్స్ ముట్టింది, ఇది అలీ వేసిందే' అని ఆ మనిషి చేత రాయించండి. అబద్ధం చెప్పి అమ్మితే చీటింగ్ కేసు అవుతుంది, ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 318వ సెక్షన్. రాసివ్వనంటే మీకు సమాధానం దొరికినట్టే.

రాజోలు_కుర్రాడు

అందరికీ చాలా థాంక్స్ అండి. ఇవాళ మావయ్యని తీసుకుని వెళ్లాను, భూతద్దం మా వీధి కంసాలి గారిని అడిగి పట్టుకెళ్లా.

ప్రింటు కాదు. చేత్తో వేసిందే. వెనక చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది, మేకులన్నీ తుప్పు, గుడ్డ మీద బూజు మచ్చలు, కింద జానెడు ఎత్తున నీళ్లు నిలిచిన గీత అడ్డంగా ఉంది. మావయ్య ముఖం వెలిగిపోయింది, చూశావా అన్నారు. కానీ ముందువైపు ఆ తడి తగిలిన చోట రంగు పెచ్చులుగా రాలిపోయి గుడ్డ బయటపడింది కదా, సంతకంలో చివరి రెండు అక్షరాలు సరిగ్గా ఆ రాలిపోయిన గుడ్డ మీదే ఉన్నాయి. రంగు మీద ఎంత నల్లగా ఉందో ఉత్త గుడ్డ మీద కూడా అంతే నల్లగా ఉంది. ఇంకు ఎక్కడా కారలేదు. మావయ్యకి భూతద్దం ఇచ్చి చూడమన్నాను. చాలాసేపు వంగి చూశారు, ఏమీ అనలేదు.

ఇంకొకటి, పల్చగా ఉన్న చోట రంగు కింద పెన్సిల్‌తో గీసిన గళ్లు కనిపించాయి, చదరాలు చదరాలుగా. అదేంటో తెలుసా ఎవరికైనా? ఫొటోలు కింద పెట్టాను. ఇంత బాగా వేసినది ఉత్తినే ఎవరు వేస్తారు?

రంగులపని_రాజమండ్రి

ఫొటోలు చూశాను తమ్ముడూ. ఆ గళ్లు బ్యానర్ ఆర్టిస్టులవి. చిన్న ఫొటో మీద గళ్లు గీసి, అవే గళ్లు పెద్ద గుడ్డ మీద గీసి, ఒక్కో గడిలో ఉన్నది పెద్దది చేసి వేసేవారు. మద్రాసులో ఆ రోజుల్లో సినిమా బ్యానర్లు, కటౌట్లు అన్నీ చేత్తోనే. ముక్కు పక్కన ఆ నీలం నీడ, బుగ్గ మీద గులాబి రంగు పట్టీ చూడు, పేపర్లో ఫొటో చూసి వేసిన బ్యానర్ చెయ్యి అది, నాకు ఏ సందేహమూ లేదు. అలీ వస్తున్నాడని అభిమానంతో వేశాడో, ఎవరైనా వేయించారో తెలీదు గానీ పనిమంతుడే వేశాడు. బొమ్మ పాతదే. దాని మీద పేరే కొత్తది.

నా షాపుకి ఇలాంటిది వస్తే సంతకం లేకపోతే పది, పన్నెండు వేలకి కొంటాను. సంతకం ఉంటే అది చెరపడానికి అయ్యే ఖర్చు తగ్గించుకుని ఇస్తాను.

రాజోలు_కుర్రాడు

మీరు రాసింది మావయ్యకి చదివి వినిపించాను అండి. స్టేడియం బయట ఇలాంటి బొమ్మలు కట్టి ఉన్నాయా అని అడిగితే, ఉన్నాయేమో, నేను లోపలికి వెళ్లే తొందరలో ఉన్నాను అన్నారు. రాసివ్వమని అడిగితే ఆ మనిషి ఇవ్వనన్నాడు. 4 లక్షల మాట ఇక లేదు, గాజులు బీరువాలోకి వెళ్లిపోయాయి. మావయ్య ఇప్పుడు ఇచ్చిన 20 వేలలో 12 వేలు ఉంచుకుని బొమ్మ ఇవ్వమని, మిగతా 8 వేలు తిప్పి ఇమ్మని అడుగుతున్నారు. వాడు ఆదివారం చెప్తానన్నాడు. వస్తే రాజమండ్రి తీసుకొస్తాం అండి, ఆ రాలిపోయిన చోటు ఇంకా రాలకుండా ఏం చెయ్యాలో, ఆ సంతకం తీయించడానికి ఎంత అవుతుందో చెప్తే ఆ లెక్కన బయల్దేరతాం.