వారం వారం రాసే వేసవి ఉత్తరంలో ఇంటివాళ్ల పట్ల కృతజ్ఞత ఎలా చెప్పాలి?

కోనసీమ ఆడపడుచు:

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో ఉంటాను. పిల్లలకు సెలవులు ఇవ్వగానే అమలాపురం దగ్గర ఉన్న మా పుట్టింటికి వచ్చి, బడులు తెరిచేవరకు ఇక్కడే ఉంటాం. ఉన్నన్నాళ్లూ ప్రతి ఆదివారం సాయంత్రం, ఆ వారం ఇంట్లో జరిగిన సంగతులన్నీ ఒక ఉత్తరంగా రాసి, హైదరాబాదులో ఉన్న అన్నయ్యకు, డాలస్‌లో ఉన్న చెల్లెలికి, పెదనాన్నగారి పిల్లలకు వాట్సాప్‌లో పంపిస్తుంటాను. మామిడికాయలు ఎప్పుడు కోయించారు, కొబ్బరి దింపు ఎలా జరిగింది, పిల్లలు కాలువ గట్టున ఏం చేశారు, ఎవరింట్లో పెళ్లి జరిగింది, ఇలాంటివే అందులో ఉంటాయి. దూరాన ఉన్నవాళ్లు ఆ ఉత్తరం కోసం ఎదురుచూస్తారు.

ఉత్తరం చివర, ఆ వారం ఎవరికి ఋణపడి ఉన్నానో చెబుతూ ఒక పేరా రాస్తాను. నా ఇబ్బంది అక్కడే. సంగతులు రాసేటప్పుడు కలం సాఫీగా సాగుతుంది గానీ, ఆ పేరాకు వచ్చేసరికి "అమ్మ ప్రేమ వెలకట్టలేనిది", "నాన్న మా కోసం ఎంతో కష్టపడ్డారు" అనే మాటలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అవి అబద్ధాలు కావు. కానీ ఏ ఇంటి అమ్మకైనా, ఏ ఇంటి నాన్నకైనా సరిపోయే మాటలు. పైగా అమ్మకు చదివి వినిపిస్తే "ఇవన్నీ ఎందుకే, ఊరుకో" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఇంకొక సందేహం కూడా ఉంది. ఇంట్లో అన్నీ సంతోషాలే ఉండవు కదా. ఎండకు తాళలేక నాన్నగారు విసుక్కునే రోజులుంటాయి, కరెంటు పోయి రాత్రంతా ఎవరికీ నిద్ర పట్టని రోజులుంటాయి, తోబుట్టువుల మధ్య మాట పట్టింపులుంటాయి. కృతజ్ఞతతో రాయదలచిన ఉత్తరంలో వీటికి చోటివ్వవచ్చా? ఇలా క్రమం తప్పకుండా రాసే అలవాటున్నవారు దయచేసి చెప్పండి.

నూజివీడు పంతులమ్మ:

అమ్మాయీ, తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, నీ తల్లి వయసు దాన్ని, అందుకని చనువుగా నువ్వు అంటున్నాను. నీ ప్రశ్నలోనే జవాబు ఉంది. సంగతులు రాసేటప్పుడు సాఫీగా సాగుతున్న కలం కృతజ్ఞత దగ్గర ఆగిపోతోందంటే, ఆ రెండింటినీ నువ్వు విడదీసి రాస్తున్నావన్న మాట. చివరి పేరా తీసెయ్యి. ఆ కృతజ్ఞతను సంగతిలోకే తీసుకురా. గుణం పేరు చెప్పకుండా పని చెప్పు. ఆ పనికి ఎంత ఓపిక పట్టిందో చదివేవాళ్లు తామే గ్రహిస్తారు.

ఉదాహరణకు మాగాయ తీసుకో. మీ వైపు కొత్తపల్లి కొబ్బరి అనే రకం మామిడికాయతో పెడతారు, మా వైపు దొరికిన పుల్లకాయతో పెడతాం. "అమ్మ మాగాయ పెట్టింది" అని రాస్తే ఒక వాక్యంలో అయిపోతుంది. కానీ నిజంగా జరిగేదేమిటి? తెల్లవారుజామున కాయలు కడిగి, తడి లేకుండా ఒక్కొక్కటీ గుడ్డతో తుడవాలి. చెక్కు తీయాలి, ఇప్పుడంటే పీలర్లు వచ్చాయి గానీ, నా చిన్నతనంలో ఆల్చిప్పకు చిల్లి చేసి, దాని అంచును రాతి మీద అరగదీసి, దానితో చెక్కు తీసేవారు. రోజంతా అదే పని చేస్తే బొటనవేలి పక్కన చర్మం లేచిపోయేది, దాని మీద మామిడి పులుపు పడితే ఆ మంట రాత్రికి గానీ తగ్గేది కాదు. ముక్కలకు ఉప్పూ పసుపూ కలిపి మూడు రోజులు జాడీలో ఊరనివ్వాలి. మూడో రోజు ముక్కలు పిండి ఎండలో ఆరబెట్టాలి, ఊటను కూడా విడిగా ఎండబెట్టాలి. ముక్క పైన ఒరుగులా ఎండాలి, లోపల మెత్తదనం ఉండాలి. ఎక్కువ ఎండితే బెరడవుతుంది, తక్కువైతే బూజు పడుతుంది. ఆ ఎండ వేళల్లో ఇంటి ఇల్లాలికి కునుకు ఉండదు. కాకులను తోలాలి, మబ్బు పట్టిందేమోనని చూసుకోవాలి, ఎక్కడ చినుకు పడుతుందోనని సాయంత్రానికి చాపలు లోపలికి చేర్చాలి. ఆ తరవాత కారం, మెంతిపొడి కలపడం, ఇంగువ పోపు, జాడీకి వాసెన కట్టడం. వాసెన కట్టేటప్పుడు ఏ జాడీ ఎవరికో కూడా ఆవిడ మనసులో అప్పటికే లెక్క తేలి ఉంటుంది: పెద్దవాడికి కారం తగ్గించినది, అల్లుడికి ఇంగువ ఎక్కువ వేసినది, అమెరికా వెళ్లేదానికి నూనె కారకుండా గట్టిగా కలిపినది.

ఇదంతా రాయి. ఒక్క పొగడ్త మాట కూడా అక్కర్లేదు. మీ అమ్మ వంటింట్లోకి లేచి వెళ్లిపోవడం సహజమే. మెచ్చుకోలు వింటూ ఎదురుగా కూర్చోవడం ఆ తరం ఆడవాళ్లలో చాలామందికి అలవాటు లేదు. అదే తన పని గురించి రాసింది చదివితే కూర్చుని వింటుంది, తప్పులు దిద్దుతుంది, నువ్వు వదిలేసినవి గుర్తు చేస్తుంది. వారానికి ఒక మనిషిని, ఆ మనిషి చేసిన ఒక పనిని తీసుకో. అందరినీ ఒకే ఉత్తరంలో తలచుకోవాలని చూస్తే ఎవరూ సరిగ్గా కనిపించరు.

గోదావరిఖని నుంచి:

పంతులమ్మగారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, రెండో సందేహం గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది. మేడమ్ గారూ, కష్టాన్ని వదిలేసి వేసవి గురించి రాయకండి. మా ప్రాంతంలో వేసవి అంటే మామిడితోట కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత మాకు సామెత కాదు, అనుభవం. రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటడం మాకు వింత కాదు. 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఎండలో పని మానుకోలేని కూలీలు, ముసలివాళ్లు.

మా నాన్న సింగరేణిలో భూగర్భ గనిలో పనిచేశారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకోవాలి. క్వార్టర్‌లో ఫ్యాన్ వేడి గాలే విసిరేది. అమ్మ గోనెసంచులు తడిపి కిటికీకి కట్టి, అవి ఆరిపోయినప్పుడల్లా చెంబుతో నీళ్లు చల్లుతూ గుమ్మం దగ్గరే కూర్చునేది. మమ్మల్ని వేపచెట్టు కిందికి పంపి, నాన్న లేచేవరకు లోపలికి అడుగు పెట్టనిచ్చేది కాదు. ఆ రోజుల్లో మాకు అది శిక్షలా అనిపించేది. నాన్న లేచాక విసుక్కుంటే ఎందుకు విసుక్కుంటున్నారో కూడా అర్థమయ్యేది కాదు. ఆ విసుగును తీసేసి, నాన్న మా కోసం కష్టపడ్డారని మాత్రమే రాస్తే, ఆ మనిషి ఎవరో నా పిల్లలకు ఎప్పటికీ తెలియదు. నిద్ర లేకుండా గనిలోకి దిగే మనిషి విసుక్కుంటాడు. దాన్ని రాసినప్పుడే అమ్మ చల్లిన చెంబెడు నీళ్ల విలువ కూడా తెలుస్తుంది.

మాట పట్టింపుల సంగతి వేరు. అవి ఇద్దరికి సంబంధించినవి; ఇద్దరూ ఒప్పుకోనిదే రాయకూడదని నా అభిప్రాయం, అందులోనూ ఆ ఉత్తరం ఇంటిల్లిపాదీ చదివేదైనప్పుడు.

ఇంకొకటి. వేసవిలో మనల్ని నిలబెట్టేది ఇంటివాళ్లు మాత్రమే కాదు. కూడలిలో చలివేంద్రం పెట్టి కుండలకు తడిగుడ్డ చుట్టే పెద్దాయన, ఎండ ముదరకముందే తాటిచెట్టెక్కి గెలలు దించి ముంజలు కొట్టిచ్చే గౌడన్న, మీ తోటలో దింపు తీసేవాళ్లు. వీళ్లు కూడా మీ ఉత్తరంలోకి రావాలి.

విశాఖ అధ్యాపకుడు:

నేను మనోవిజ్ఞానశాస్త్రం బోధిస్తాను కాబట్టి, వారానికోసారి అనే మీ పద్ధతి గురించి మాత్రం చెబుతాను. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లఫ్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలో, విద్యార్థులను పది వారాల పాటు వారానికోసారి తాము కృతజ్ఞతతో తలచుకునే విషయాలను రాయమన్నారు. చికాకులు రాసినవారితో పోలిస్తే వీరు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తి కనబరిచారు. ఆ తరవాత సోనియా లుబొమిర్‌స్కీ బృందం ఆరు వారాల పాటు చేసిన పరీక్షలో, వారానికోసారి రాసినవారికి మేలు కనిపించింది గానీ, వారానికి మూడుసార్లు రాసినవారికి కనిపించలేదు. తరచుగా రాస్తే అది మొక్కుబడి అయిపోతుందని వారు భావించారు. మీ చివరి పేరాకు జరుగుతున్నది కూడా అదే. కనుక ఆదివారాన్ని మార్చకండి, కానీ కృతజ్ఞత కలగని వారం దాన్ని బలవంతంగా రాయకండి.

అమ్మగారికి చదివి వినిపించడం మాత్రం మానకండి. 2005లో మార్టిన్ సెలిగ్‌మన్ బృందం, తమకు మేలు చేసినా సరిగా కృతజ్ఞత చెప్పుకోలేకపోయిన మనిషికి ఉత్తరం రాసి స్వయంగా అందించమని కొందరిని అడిగింది. అలా చేసినవారిలో కలిగిన సంతోషం నెల తరవాత కూడా కనిపించింది.

కోనసీమ ఆడపడుచు:

అందరికీ ఎంతో ఋణపడి ఉన్నాను. ఈ ఆదివారం చివరి పేరా తీసేసి, నాన్నగారి గురించి ఇలా రాశాను:

"దింపు తీసిన రోజు నాన్న తెల్లవారకముందే తోటలోకి వెళ్లారు. కాయలు రాశి పోసేవరకు నీడకు రాలేదు. మోకాలు వంగదు కాబట్టి కర్ర చివరతో ఒక్కొక్క కాయనూ దొర్లించి, బొండానికి పనికొచ్చేవి ఒక పక్కకు నెట్టించారు. అవి మనవల కోసం. దింపు తీసినవాళ్లకు కూలి ఇచ్చాక, వాళ్ల పిల్లలకని తలా నాలుగు బొండాలు కట్టించారు. ఇంటికి వచ్చి, మజ్జిగ ఆలస్యమైందని అమ్మ మీద కేకలేశారు. అమ్మ మారు మాట్లాడకుండా రెండో గ్లాసు కూడా పోసింది."

కేకల సంగతి ఉంచాలా వద్దా అని నాన్ననే అడిగాను. కాసేపు ఆలోచించి ఉంచమన్నారు. అమ్మ మాత్రం, నాలుగు కాదు ఆరు బొండాలు కట్టించారని దిద్దింది. డాలస్ నుంచి చెల్లెలు ఉత్తరం చదివిన వెంటనే నాన్నకు ఫోన్ చేసి మోకాలి గురించి అడిగింది. వచ్చే వారం అమ్మ మాగాయ గురించి రాయాలనుకుంటున్నాను. పంతులమ్మగారూ, పని జరుగుతుండగా అడిగి రాసుకోవాలా, అయిపోయాక అడగాలా?

నూజివీడు పంతులమ్మ:

పని జరుగుతుండగా కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చోకు, ఆవిడకు ఇబ్బందిగా ఉంటుంది. నువ్వూ ఒక కత్తి తీసుకుని పక్కన కూర్చుని చెక్కు తియ్యి. చేతులు పనిలో ఉంటే ఆవిడకు మాటలు వాటంతట అవే వస్తాయి. ఆవిడకు ఈ పని ఎవరు నేర్పారో, కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మొదటిసారి ఎన్ని కాయలు పెట్టిందో అప్పుడు అడుగు. రాత్రి పిల్లలు పడుకున్నాక, మరిచిపోకముందే రాసుకో.