మెట్లెక్కేటప్పుడు గుండెకు రక్తం ఎప్పుడు అందుతుంది?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. నాన్నకు 61 ఏళ్లు, బీపీ మాత్ర వాడుతున్నారు. మొక్కుంది, వచ్చే నెల అలిపిరి నుంచి నడిచే కొండెక్కుతానంటున్నారు. 3,550 మెట్లు! మొన్న గాలిగోపురం దాకా నాతో వచ్చారు. అక్కడ కూర్చోబెట్టి నాడి చూస్తే నిమిషానికి 140. ఇంట్లో 72 ఉంటుంది. కాసేపటికి దిగింది గానీ నాకు టెన్షన్ తగ్గలేదు.

కాలి కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి కాబట్టి గుండె వేగంగా కొట్టుకుంటుందని తెలుసు. నా సందేహం వేరు. గదుల నిండా రక్తమున్నా, గుండె కండరం తనకు కావలసింది కరోనరీ ధమనుల (గుండె కండరానికే రక్తం తెచ్చే నాళాలు) నుంచే తీసుకుంటుందట. ఎడమ జఠరికకైతే (ఒంటికంతా రక్తాన్ని పంపే గుండె గది) అది ముడుచుకున్నప్పుడు కాదు, ఎక్కువగా వదులైనప్పుడే అందుతుందట. మరి వేగం పెరిగితే ఆ వదులయ్యే సమయమే కదా బాగా తగ్గేది? పని పెరిగిన వేళకే తిండి తగ్గితే ఎలా? ఆ ధమనులు వెడల్పై సరిచేస్తాయా? లోపల కొవ్వు పేరుకుని ఉంటే?

ఛాతీలో నొప్పేమీ లేదన్నారు, అయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. ఈసీజీ చాలా, ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా అడగాలా? మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు మరీ నిటారు, అదే నా భయం. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.