నకిలీ గొంతు సాక్ష్యం గురించి తరగతిలో ఎలా చెప్పాలి?

కర్నూలులో న్యాయశాస్త్రం బోధిస్తాను. ఈసారి కృత్రిమ మేధ, సాంకేతిక చట్టాల పాఠం నాకు అప్పగించారు. 2000 నాటి ఐటీ చట్టం, గోప్యత హక్కుపై 2017 పుట్టస్వామి తీర్పు వరకు ధైర్యంగా చెప్పగలను. చిక్కంతా ఆ తర్వాతే.

ఆదోని దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి మొన్న అడిగింది: "సార్, మా నాన్న గొంతును కంప్యూటర్‌తో సృష్టించి, అప్పు ఒప్పుకున్నట్టు కోర్టుకు తెస్తే?" భారతీయ సాక్ష్య అధినియమం (కోర్టులో సాక్ష్యాలకు సంబంధించిన చట్టం) 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇవ్వాల్సిన ధ్రువపత్రం గురించి చెప్పాను. కానీ ఆ రికార్డు ఏ పరికరం నుంచి వచ్చిందో పత్రం చెబుతుంది గానీ, గొంతు నిజంగా ఆయనదేనా అన్నది తేల్చదు కదా! ఆ అమ్మాయికి సగం జవాబే ఇచ్చానన్న బాధ ఇంకా వదలలేదు.

ఇలాంటి సాక్ష్యంపై వాదించిన న్యాయవాదులు, ఈ పాఠం చెప్పిన అధ్యాపకులు ఉంటే దయచేసి చెప్పండి: దీన్ని తరగతిలో నమూనా విచారణగా ఎలా నడిపించాలి? అడ్డుప్రశ్నలు ఎక్కడ మొదలుపెట్టాలి?