తెలుగు నేమ్ బోర్డులు చెక్కే చిన్న సీఎన్‌సీకి క్యామ్ సాఫ్ట్‌వేర్ కొనాలా, ఉచితంగా దొరికేది సరిపోతుందా?

అమలాపురం రూటర్
3018 రకం సీఎన్‌సీ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మెషీన్) తీసుకున్నాను. దాని కంట్రోల్ బోర్డులో మెషీన్‌ని నడిపే ప్రోగ్రామ్ జీఆర్‌బీఎల్, పని జరిగే చోటు 300 బై 180 మిల్లీమీటర్లు. టేకు, నిద్రగన్నేరు ముక్కల మీద ఇళ్ళకి తెలుగు నేమ్ బోర్డులు చేస్తున్నాను. ఇప్పటిదాకా చుట్టాలకే. సంక్రాంతి నుంచి డబ్బుకి చేద్దామని ఉంది. తర్వాత పూజగది తలుపులకి కలశం, లక్ష్మీదేవి లాంటి చిన్న రిలీఫ్‌లు (ఉబ్బెత్తు బొమ్మలు) కూడా. క్యామ్‌కి, అంటే డిజైన్‌ని మెషీన్ కదలికలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌కి, మహా అయితే ఆరేడు వేలు పెట్టగలను. మెషీన్ అమ్మినాయన పెన్‌డ్రైవ్‌లో ఆర్ట్‌క్యామ్ అనే క్యామ్ పెట్టిచ్చాడు, ఇంకా ఎక్కించలేదు. ఏం చేయమంటారు?

తణుకు వర్క్‌షాప్
పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టుకుని అడుగుతారేంటండీ! నేను చూసిన తలుపుల షాపుల్లో నడిచేది అదే. డిజైన్లు కూడా ఆ ఫార్మాట్‌లోనే చేతులు మారుతుంటాయి. నేర్పేవాడు పక్క వీధిలో ఉన్న సాఫ్ట్‌వేరే మంచి సాఫ్ట్‌వేర్.

భీమవరం మెకానికల్
నేర్పేవాడి సంగతి ఒప్పుకుంటాను, మిగతాది ఒప్పుకోను. ఆర్ట్‌క్యామ్ డెల్‌క్యామ్ వాళ్ళది. 2014లో ఆ కంపెనీని ఆటోడెస్క్ కొంది, 2018లో ఆర్ట్‌క్యామ్ అమ్మకం ఆపేసింది. ఆ కోడ్ మీదే తర్వాత కార్వెకో వచ్చింది, అది డబ్బు కట్టి వాడేది. అంటే ఊళ్ళో ఊరికే తిరిగే పెన్‌డ్రైవ్ కాపీ క్రాక్ చేసిందే అనుకోవాలి. పైగా ఎక్కించే ముందు యాంటీవైరస్ ఆపేయమంటారు. అదే ల్యాప్‌టాప్‌లో మీ బ్యాంకు పని కూడా చేస్తారుగా?

నా ఓటు ఆటోడెస్క్ వాళ్ళదే ఇంకో సాఫ్ట్‌వేర్, ఫ్యూజన్ పర్సనల్ లైసెన్స్‌కి. టూల్‌పాత్, అంటే కోసే బిట్ నడిచే దారి, వేయడంలో ఇంత పవర్ ఉచితంగా ఇంకెక్కడా లేదు.

రాజోలు కుర్రాడు
ఆయ్, ఉచితమే గానీ షరతులు కూడా చెప్పాలి కదండీ. అది వ్యాపారం కాని సొంత పనికి, ఏడాదికి 1000 డాలర్ల లోపు ఆదాయానికి ఇచ్చే లైసెన్స్. ఈయనేమో సంక్రాంతి నుంచి ఆర్డర్లు తీసుకుంటానంటున్నారు. ఎడిట్ చేయగలిగే ఫైళ్ళు ఒకసారికి 10 మాత్రమే. 2020 అక్టోబరు నుంచి ర్యాపిడ్ కదలికలు కూడా తీసేశారు, బిట్ గాలిలో వెళ్ళేటప్పుడూ కోత వేగంతోనే వెళ్తుంది.

భీమవరం మెకానికల్
10 ఫైళ్ళది పెద్ద గొడవేం కాదు, పాతవి రీడ్ ఓన్లీ చేసుకుంటే సరి. ర్యాపిడ్ సంగతంటారా, రిలీఫ్ ఫినిషింగ్‌లో (చివరి సన్నపు కోతలో) బిట్ పైకి లేచేదే తక్కువ కాబట్టి తేడా తెలియదు. నేమ్ బోర్డులో అక్షరం అక్షరానికీ లేవాలి గనక కొంత టైమ్ పోతుంది, నిజమే. టూల్ ఛేంజ్ ఆపేశారని కూడా ఏడుస్తారు. జీఆర్‌బీఎల్ ఎలాగూ దాన్ని చేయదు, మనం చేత్తోనే మార్చుకోవాలి. ఆదాయం షరతు మాత్రం ఆయన నిజాయితీగా లెక్క చూసుకోవాల్సిందే.

పాలకొల్లు డీటీపీ
అందరూ టూల్‌పాత్ దగ్గరే కొట్టుకుంటున్నారు, తెలుగు అక్షరం దగ్గరకి ఎవరూ రావట్లేదు. నేమ్ బోర్డు పనిలో సగం టెన్షన్ అక్కడే ఉంది. చాలా క్యామ్ సాఫ్ట్‌వేర్లలో నేరుగా తెలుగు టైపు చేస్తే వత్తులు విడిపోతాయి, గుణింతాలు పక్కకి జరుగుతాయి. ‘లక్ష్మీ నిలయం’ అని కొట్టి చూడండి, ‘క్ష్మీ’ దగ్గరే ఆగిపోతారు. ఫ్రీక్యాడ్ అనే ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు వేసే షేప్‌స్ట్రింగ్ కూడా ఇంతే.

కాబట్టి రాత క్యామ్‌లో వద్దు. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో యూనికోడ్ తెలుగు సరిగ్గా పడుతుంది. టైపు చేసి, ‘ఆబ్జెక్ట్ టు పాత్’ (అక్షరాలు గీతలవుతాయి) కొట్టి, తర్వాత ‘యూనియన్’ (ముక్కలన్నీ ఒకటవుతాయి) కొట్టాలి. ఈ రెండోది మర్చిపోకూడదు. వత్తు అక్షరం మీద ఎక్కిన చోట గీతలు ఒకదాన్నొకటి దాటుతాయి, క్యామ్ దాన్ని లోపలి ఖాళీ అనుకుని చెక్కకుండా వదిలేస్తుంది. బ్యానర్ షాపులో యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లతో, కోరల్‌డ్రాలో చేయించుకొస్తే ఇంకా జాగ్రత్త. అక్కడ తలకట్టు, వత్తు, కొమ్ము విడివిడి ముక్కలుగా వస్తాయి. అన్నీ కలిపి వెల్డ్ చేసి ఇమ్మని ముందే చెప్పండి. గీతల ఫైలు, ఎస్‌వీజీ గానీ డీఎక్స్‌ఎఫ్ గానీ, శుభ్రంగా ఉంటే ఏ చవక క్యామ్ అయినా పని చేస్తుంది.

వీ కార్వింగ్‌కి (వీ ఆకారం కొన ఉన్న బిట్‌తో చెక్కడానికి) ఎఫ్ ఎన్‌గ్రేవ్ అని చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది. చూడ్డానికి పాతకాలం దానిలా ఉంటుంది, పని మాత్రం చేస్తుంది. బిట్ ఎంచుకునే ముందు లెక్క చూసుకోండి. 6 మిల్లీమీటర్ల వెడల్పు గీతకి 90 డిగ్రీల వీ బిట్ 3 మిల్లీమీటర్లు దిగుతుంది, 60 డిగ్రీలది 5 దాటుతుంది. తెలుగు ఫాంట్లలో లావు గీతలు ఎక్కువ, పలచని చెక్క మీద 60 పెట్టి బాధపడకండి.

యానాం ఓపెన్‌సోర్స్
ఇంక్‌స్కేప్ దాకా వచ్చాక మళ్ళీ డబ్బెందుకు? 2024 నవంబరులో ఫ్రీక్యాడ్ 1.0 వచ్చింది. అందులో టూల్‌పాత్‌లు వేసే విభాగం పేరు ఇదివరకు పాత్ వర్క్‌బెంచ్, ఇప్పుడు క్యామ్. ఎస్‌వీజీ తెచ్చుకోవచ్చు, వీ కార్వ్ ఉంది, టూల్‌పాత్‌ని జీఆర్‌బీఎల్‌కి అర్థమయ్యేలా రాసే పోస్ట్ ప్రాసెసర్ ఉంది. ఆర్డర్లు ఎన్ని తీసుకున్నా అడిగేవాడు లేడు. ఒక్కటి గుర్తుంచుకోండి. రంధ్రాలకి అది జీ81 లాంటి సైకిల్స్ (ఒక్క ఆదేశంతో రంధ్రం పెట్టేవి) రాస్తుంది, జీఆర్‌బీఎల్‌కి అవి తెలియవు, ‘ఎర్రర్ 20’ అని ఆగిపోతుంది. పోస్ట్ ప్రాసెసర్ ఆర్గ్యుమెంట్లలో ట్రాన్స్‌లేట్ డ్రిల్ పెడితే మామూలు కదలికలుగా మార్చి రాస్తుంది.

తణుకు వర్క్‌షాప్
చూశారా, ఒక కంత పెట్టడానికి ఇంత పురాణం!

రాజోలు కుర్రాడు
పురాణం వద్దనే వాళ్ళకి ఎస్ట్‌ఎల్‌క్యామ్ ఉందండీ. జర్మనీది, విండోస్‌లో నడుస్తుంది, నెలనెలా చందా లేదు. ఒక్కసారి కొనాలి, మన డబ్బులో ఐదారు వేలు. లైసెన్స్ లేకుండా కూడా అన్నీ పని చేస్తాయి, ఫైల్ సేవ్ చేసేటప్పుడు మాత్రం కాసేపు కూర్చోబెడుతుంది, వాడేకొద్దీ ఆ ఎదురుచూపు పెరుగుతుంది. అక్షరాలకీ సరిపోతుంది, ఎస్‌టీఎల్ (త్రీడీ ఆకారం ఫైలు) రిలీఫ్‌కీ రఫింగ్ (మొదటి మోటు కోత), ఫినిషింగ్ ఇస్తుంది. వెక్ట్రిక్ వాళ్ళ ఆస్పైర్ దీనికంటే ఎంతో హాయిగా ఉంటుంది, కాదనను. ధర దాదాపు 2000 డాలర్లు, మీ మెషీన్ ఖరీదుకి ఎన్ని రెట్లో మీరే చూసుకోండి.

ఇంకొకటి. కొన ఒక మిల్లీమీటరు రేడియస్ ఉన్న టేపర్ బాల్ నోజ్ బిట్‌తో, 0.2 మిల్లీమీటర్ల స్టెప్ ఓవర్‌తో (గీతకీ గీతకీ మధ్య దూరం) బెడ్ (పని జరిగే చోటు) మొత్తం రిలీఫ్ వేస్తే 900 గీతలు, ఒక్కోటి 300 మిల్లీమీటర్లు. మొత్తం 270 మీటర్లు. నిమిషానికి ఒక మీటరు చొప్పున నాలుగున్నర గంటలు, రఫింగ్ కాకుండా. ఏ సాఫ్ట్‌వేర్ కొన్నా ఈ లెక్క మారదు. మధ్యలో కరెంటు పోతే జీఆర్‌బీఎల్ తన స్థానం మర్చిపోతుంది. మెషీన్ అంచుల్ని గుర్తించే లిమిట్ స్విచ్‌లు లేకపోతే సున్నా, అంటే కొలతలు మొదలయ్యే చోటు, మళ్ళీ వెతుక్కోవాలి. అందుకే ఫినిషింగ్‌ని నాలుగు భాగాలుగా వేరు ఫైళ్ళు చేసుకోండి, జీరో పాయింట్ దగ్గర చెక్క మీద చిన్న గుర్తు పెట్టుకోండి.

కొత్తపేట మేస్త్రి
బాబూ, నాకు మీ ఫైళ్ళు తెలియవు గానీ చెక్క తెలుసు. 0.2 ఎందుకు? 0.4 పెట్టి సగం టైమ్‌లో దించేసి, ముఖం, వేళ్ళు, నగలు ఉలితో తీర్చు. మెషీన్ మీద మొత్తం అయిపోయిన లక్ష్మీదేవి కళ్ళు అన్ని తలుపులకీ ఒకేలా ఉంటున్నాయి. నిద్రగన్నేరు ఆరకుండా ఎక్కిస్తే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడదు, మన తేమకి వారంలో వంకర పోతుంది.

భీమవరం మెకానికల్
మేస్త్రి గారూ, 0.4కి గీతల అచ్చు కనబడుతుంది కదా?

కొత్తపేట మేస్త్రి
కనబడితే ఉలి ఎందుకుంది? గీతలు నార వెంటే పోయేలా పెట్టుకో, అడ్డంగా పెడితే పోగులు లేస్తాయి.

అమలాపురం రూటర్
అందరికీ థాంక్సండీ. పెన్‌డ్రైవ్ పక్కన పెట్టేశాను. ఇంక్‌స్కేప్‌లో ‘లక్ష్మీ నిలయం’ యూనియన్ చేశాక ఎఫ్ ఎన్‌గ్రేవ్‌లో సరిగ్గానే వచ్చింది, కాబట్టి బోర్డులకి డబ్బు ఖర్చు లేదు. రిలీఫ్‌కి ఎస్ట్‌ఎల్‌క్యామ్ లైసెన్స్ లేకుండానే మొదలుపెట్టి, మొదటి తలుపు ఆర్డరు వచ్చాక కొంటాను. ఫ్రీక్యాడ్ తీరిక దొరికినప్పుడు.

యానాం ఓపెన్‌సోర్స్
తీరిక దొరికినప్పుడు అన్నారంటే ఇక నేర్చుకోరు, రాసిపెట్టుకోండి.

తణుకు వర్క్‌షాప్
నాలుగడుగుల బెడ్ కొన్నాక రండి, అప్పుడు మాట్లాడదాం.